సీల్ కిట్ మూడుసార్లు మార్చినా బూమ్ సిలిండర్ కారుతూనే ఉంది, పైగా బూమ్ దిగిపోతోంది

మధురవాడ_మినీ
మూడు టన్నుల మినీ ఎక్స్‌కవేటర్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని పద్నాలుగు నెలలైంది, మీటరు 4,600 గంటలు చూపిస్తోంది. మార్చి నుంచి బూమ్ (బండి పెద్ద చెయ్యి) లేపే సిలిండర్‌కి గ్లాండ్ దగ్గర, అంటే రాడ్డు బయటికొచ్చే మూత దగ్గర, ఆయిల్ కారుతోంది. మొదటిసారి సీల్ కిట్ (లోపలి సీళ్ళ సెట్టు) మార్పించేను, నెల రోజులు బాగుంది. రెండోసారి మార్పిస్తే ఇరవై రోజులు ఆగింది. మూడోసారి ఒరిజినల్ కిట్టే తెప్పించి వేయించేను. పదకొండో రోజుకి రాడ్డు మళ్ళీ తడి. ఇప్పుడు రోజుకి దగ్గర దగ్గర రెండు లీటర్లు పోస్తున్నాను.

ఇది చాలదన్నట్టు సాయంత్రం బూమ్ కొంచెం లేపి ఆపితే తెల్లారేసరికి బకెట్ నేలకి ఆని ఉంటోంది. సిలిండర్ మొత్తం మార్చేయమంటున్నాడు మెకానిక్. కొత్తదాని రేటు విన్నాక నాకు నిద్ర పట్టడం లేదు. కొమ్మాదిలో అపార్ట్‌మెంటు పునాది పని నడుస్తోంది, బండి ఆగితే అద్దె పోతుంది, సైటు ఇంజినీరు ఫోన్ మీద ఫోన్. ఎక్కడ మొదలెట్టాలి?

పెందుర్తి_బ్యాక్‌హో
బూమ్ దిగుతోందంటే సిలిండర్లకి ఆయిల్ పంచే కంట్రోల్ వాల్వ్ పోయినట్టే. ఆ వాల్వ్ బ్లాక్ మొత్తం మార్చెయ్. నాకూ అదే అయింది.

మర్రిపాలెం_ఫిట్టర్
సిలిండర్ లోపల పిస్టన్ చుట్టూ ఉండే సీల్, పిస్టన్ సీల్ అది. దిగడం, కారడం రెండూ సిలిండర్‌లోనే ఉన్నాయి. కిట్టు వేసినవాడికి చేతకాలేదు, అంతే.

ఆటోనగర్_పానా
పై ఇద్దరూ బండి చూడకుండానే తీర్పు చెప్పేశారు. రెండూ ఒకే జబ్బని ఎందుకనుకోవాలి? గ్లాండ్ దగ్గర బయటికి కారేది రాడ్ సీల్ సంగతి. బూమ్ దిగడం వేరే సంగతి. అది పిస్టన్ సీల్ వల్ల కావచ్చు, వాల్వ్‌లో స్పూల్ (ఆయిల్ దారి మార్చే కడ్డీ) అరిగి కావచ్చు, పోర్ట్ రిలీఫ్ వాల్వ్ (ప్రెషరు మితిమీరితే వదిలే చిన్న వాల్వ్) సరిగ్గా కూర్చోక కావచ్చు. రెండిటినీ విడదీసి చూడాలి.

మధురవాడ తమ్ముడూ, ముందు వీటికి జవాబు చెప్పు. కారేది ఏ పనిలో ఎక్కువ? లారీకి లోడ్ చేసేటప్పుడా, లోతుగా తవ్వేటప్పుడా? పొద్దున్న చల్లగా ఉన్నప్పుడా, మధ్యాహ్నం వేడెక్కాకా? కిట్టు మార్చిన ప్రతిసారీ రాడ్డుని ఎవరైనా వేలిగోరుతో గీసి చూశారా?

ఇంకోమాట. బూమ్ లేపి వదిలేసి ఇంటికి వెళ్ళొద్దు. బకెట్ నేలకి ఆనించే ఆపాలి. నీ బండి రాత్రి తనంతట తను దిగుతోందంటే, దాని కింద ఎవరైనా పడుకుని ఉంటే? వాచ్‌మన్ పిల్లలు ఆడుకుంటూ ఉంటే?

మధురవాడ_మినీ
ఈ రోజు నుంచి నేలకే ఆనిస్తాను అన్నా. ఇంతవరకు అలా ఆలోచించలేదు.

లోతుగా తవ్వేటప్పుడే ఎక్కువ కారుతోంది. గత వారం లెవెలింగ్, లోడింగ్ మాత్రమే చేశాం, అప్పుడు దాదాపు పొడిగానే ఉంది. పునాది గుంటలోకి దిగితే మొదలు. గోరుతో గీసి చూడడం ఎవరూ చెయ్యలేదు. నిన్న కారేచోట చెయ్యి పెట్టి తడిమి చూసేను కానీ ఎక్కణ్ణుంచి వస్తోందో తెలీలేదు.

క్వారీ_ఆపరేటర్
చెయ్యి పెట్టి తడిమేవా? ఇంజిన్ ఆన్‌లో ఉందేటి? ఇంకెప్పుడూ అలా చెయ్యకు గురూ, దండం పెడతాను.

కొత్తవలస వైపు క్వారీలో మా హెల్పరు కుర్రాడు, ఇరవై రెండేళ్ళోడు. బ్రేకర్ (రాయి పగలగొట్టే సుత్తి) లైనులో సన్నటి పొగలాగ ఆయిల్ ఎగురుతుంటే ఎక్కడో చూద్దామని అరిచెయ్యి ఆడించీసేడు. సూది గుచ్చినట్టయిందన్నాడు. చూస్తే చిన్న చుక్క, రక్తం కూడా సరిగ్గా రాలేదు. దగ్గర్లో ఆసుపత్రికి తీసుకెళ్తే టీటీ ఇంజెక్షనేసి పంపీసేరు. రాత్రి పది గంటలకి చెయ్యి మోచేతి దాకా వాచిపోనాది. వైజాగ్ తీసుకొచ్చి ఆపరేషన్ చేయించేం. చూపుడు వేలు తీసీసేరు. ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా ముడవలేడు.

డాక్టరు చెప్పిందేటంటే ఆయిల్ తోలు కిందకి పోయి నరాల చుట్టూ, కండ చుట్టూ పాకీస్తాదంట. పైకి ఏటీ కనబడదు, లోపల కుళ్ళిపోతాది. అందుకే గంటల్లో కోసి కడగాలంట. అలాంటిది జరిగితే "దెబ్బ తగిలింది" అని చెప్పొద్దు, "ప్రెషరుతో హైడ్రాలిక్ ఆయిల్ లోపలికెళ్ళింది" అని గట్టిగా చెప్పండి. ఆ మాట మేము చెప్పలేదు. ఇప్పటికీ అదే బాధ.

డిప్లొమా_2023
చదువుతుంటేనే ఒళ్ళు జలదరించింది. మాకు క్లాసులో 7 బార్ ప్రెషరుకే చర్మం చీల్చుకుని వెళ్ళగలదని చెప్పారు. ఈ బండ్లలో మెయిన్ ప్రెషరు 200 బార్‌కి అటూ ఇటూ కదా. మరి లీకు ఎలా వెతకాలి?

భీమిలి_రోడ్
అట్టముక్క. టీవీ పెట్టె అట్ట పెద్దది కోసి, దూరం నుంచి హోస్ వెంబడి ఆడించు. సన్నటి లీకు ఉంటే అట్ట మీద తడి గీత పడుతుంది. చేతులూ మొహం దూరం, కళ్ళద్దాలు తప్పనిసరి. నా బండిలో సీటు వెనక అట్ట ఎప్పుడూ ఉంటుంది, హెల్పర్లకి మొదటి రోజే చూపిస్తాను.

ఆటోనగర్_పానా
క్వారీ తమ్ముడు చెప్పింది అందరూ రెండుసార్లు చదవండి. చదివాకే కింది సంగతి చూడండి.

మధురవాడా, నీ జవాబులోనే సగం దొరికింది. లోడింగ్‌లో పొడి, లోతు తవ్వకంలో తడి అన్నావు. మినీలో బూమ్ లేస్తే రాడ్డు బయటికి వస్తుంది, బూమ్ దిగితే లోపలికి పోతుంది. బకెట్ నేలకి ఆనించి ఆపినప్పుడు రాడ్డు కొంత బయటే ఉంటుంది. లారీకి ఎత్తేటప్పుడు రాడ్డు ఇంకా బయటికే వస్తుంది కానీ, ఆ బయట ఉండే ముక్క సీల్ దాకా వెళ్ళదు. నేలమట్టం కిందకి తవ్వితేనే అది గ్లాండ్‌లోకి దూరుతుంది. అప్పుడే కారుతోందంటే ఆ ముక్క మీదే ఏదో ఉంది. క్రోమ్ లేచిందో, గుంటలు పడ్డాయో, గీత పడిందో. అలాంటి రాడ్డుకి ఎంత ఖరీదైన సీల్ వేసినా ఆకురాయి మీద రబ్బరు రుద్దినట్టే.

చూసే పద్ధతి ఇది. బకెట్ నేల మీద పెట్టు. ఇంజిన్ ఆపు. తాళం ఆన్‌లోకి తిప్పి, సేఫ్టీ లివర్ కిందకి దించి, రెండు జాయ్‌స్టిక్‌లూ అన్ని వైపులా అయిదారుసార్లు ఆడించు, లైన్లలో మిగిలిన ప్రెషరు పోతుంది. తాళం తీసి జేబులో పెట్టుకో. ట్యాంకు మూత మెల్లగా వదులు చెయ్యి, బుస్సుమని గాలి పోయేదాకా పూర్తిగా తియ్యకు. తర్వాత కిరసనాయిలు, బ్రష్షుతో సిలిండర్, పైన హోసులు, వాటి చివరి మర ముక్కలు (నిపుల్స్) అన్నీ కడుగు. గుడ్డతో పొడిగా తుడు. రాడ్డు చుట్టూ దూది గానీ పాత నైలాన్ చీర ముక్క గానీ చుట్టి పైకీ కిందకీ లాగు. ఎక్కడ పోగు చిక్కుకుంటే అక్కడ చాక్‌పీస్‌తో గుర్తు పెట్టు. ఫోటో పెట్టు.

హోస్_క్రింపింగ్
కడిగాక టాల్కం పౌడరు చల్లమనండి. పైన నిపుల్ నుంచి జారిన ఆయిల్ కింద గ్లాండ్ మీద చేరి "సిలిండర్ లీక్" అని పేరు తెచ్చుకున్న కేసులు నా షాపుకి నెలకి నాలుగైనా వస్తాయి. ఆయిల్ కిందకి జారుతుంది, గాలికి వెనక్కి పాకుతుంది. తడి కనపడ్డ చోటు కాదు, తడి అంతటికీ పైనున్న చోటు చూడాలి. తెల్లటి పౌడరు మీద అయితే మొదటి చుక్క ఎక్కడ పుట్టిందో దొరికిపోతుంది.

డిప్లొమా_2023
సెకనుకి ఒక చుక్క లీకు లెక్క వేసి చూశాను. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే గంటకి 180 మి.లీ., పది గంటల పనికి 1.8 లీటర్లు. అన్న చెప్పిన రెండు లీటర్లకి సరిపోయింది. చూడ్డానికి చుక్కే, నెలకి రెండు ఆయిల్ బకెట్లు!

భీమిలి_రోడ్
ఆ రెండు బకెట్లూ మట్టిలోకి పోయి, వానకి గెడ్డలో కలిసి సముద్రంలోకి పోతున్నాయి. మధురవాడ వైపు చాలా ఇళ్ళు బోర్ల మీదే బతుకుతున్నాయి. లీకు సరయ్యేదాకా కింద ట్రే పెట్టండి, ఇసుకో రంపపు పొట్టో చల్లి ఎత్తెయ్యండి.

పెందుర్తి_బ్యాక్‌హో
రాడ్డు సంగతి సరే, బూమ్ దిగడం మాత్రం వాల్వే. నా మాట రాసి పెట్టుకోండి.

మధురవాడ_మినీ
ఈ రోజు సైటుకి సెలవు పెట్టించి పానా అన్న చెప్పినట్టే చేసేను. నైలాన్ ముక్క ఎవరూ ఇవ్వలేదు, మా ఆవిడ పాత చున్నీ ఇచ్చింది. పై నుంచి లాగుతుంటే రాడ్డు కన్ను (చివర పిన్ను దూరే రంధ్రం) వైపు నుంచి జానెడు కిందన చిక్కుకుంది. ఆకాశం వైపు ఉండే భాగంలోనే, ఆవగింజల్లాంటి గుంటలు పదీ పదిహేను. కింద వైపు అద్దంలా ఉంది. గోరు ఆగుతోంది. పౌడరు చల్లి చూసేను, హోసులన్నీ పొడి. ఫోటోలు పెట్టేను.

రాడ్డు వంపేమైనా ఉందా అంటే కంటికి తెలీడం లేదు.

లంకెలపాలెం_లేత్
ఫోటో చూశాను. అవి తుప్పు గుంటలు. క్రోమ్ పొర చాలా పల్చన, మైక్రాన్లలో ఉంటుంది. దానిలో కంటికి కనపడని పగుళ్ళుంటాయి. ఉప్పు నీరు ఆ పగుళ్ళలోంచి కింద ఇనుముకి చేరి తుప్పు పట్టిస్తుంది, క్రోమ్ లోపలినుంచి పొంగి పెచ్చులా ఊడుతుంది. పై వైపే పడ్డాయంటే వానా, సముద్రపు తేమా నిలిచిన వైపు అది. మీ బండి బీచ్ దగ్గర ఎన్నాళ్ళైనా ఆగి ఉందా?

మధురవాడ_మినీ
ఉంది. పోయిన వానాకాలం రుషికొండ దగ్గర రిసార్టు పని మధ్యలో ఆగిపోయి ఇరవై అయిదు రోజులు అక్కడే వదిలేశాం. సముద్రం రెండొందల గజాలు కూడా ఉండదు. టార్పాలిన్ ఇంజిన్ మీద కప్పేను. రాడ్డు సంగతే తోచలేదు.

భీమిలి_రోడ్
హుద్‌హుద్ తర్వాత మేమందరం నేర్చుకున్నది ఇదే. 2014 అక్టోబరు 12న తుపాను దాటింది, మర్నాటి నుంచి చెట్లు తియ్యడానికి బండ్లు రాత్రీ పగలూ తిరిగాయి. ఆ గాలికి ఉప్పునీరు ఊరంతా చల్లినట్టయింది. రాడ్లు ఎవరం కడగలేదు, తీరిక లేదు. మూడు నెలల్లో నా రెండు బండ్లకీ రాడ్లు మచ్చలు తేలిపోయాయి. అప్పట్నుంచి బీచ్ రోడ్డు పనైతే సాయంత్రం మంచినీళ్ళతో కడిగి, తుడిచి, బయట ఉండే రాడ్డుకి గ్రీజు పల్చగా పూసి వస్తాం. పొద్దున్న పని మొదలెట్టే ముందు ఆ గ్రీజు తుడిచెయ్యాలి, లేకపోతే దానికి అంటిన ఇసుక, రాడ్డు మీద మట్టి తుడిచే వైపర్ సీల్‌ని తినేస్తుంది. వారం పైన ఆగేదైతే వీలైనన్ని రాడ్లు లోపలికి ముడిచేసి పెడతాం.

మర్రిపాలెం_ఫిట్టర్
గుంటలకి ఎమరీ కొట్టి, అరాల్డైట్ నింపి, సన్నగా రుద్దితే నడుస్తుంది. నేను చేశాను. రాడ్డు మార్చనక్కర్లేదు.

లంకెలపాలెం_లేత్
ఎన్నాళ్ళు నడిచింది?

మర్రిపాలెం_ఫిట్టర్
మూడు నెలలు. పని గడిచింది కదా.

లంకెలపాలెం_లేత్
పని గడవడానికి సరే, ఒకటో రెండో గుంటలైతే. అంచులు పైకి లేచి ఉంటే సన్నటి ఆయిల్ స్టోన్‌తో ఆ అంచు మటుకు చంపాలి. ఎమరీతో గట్టిగా రుద్దితే చుట్టూ ఉన్న మంచి క్రోమ్ కూడా పోతుంది, రాడ్డు అక్కడ పల్లం పడుతుంది. పదిహేను గుంటలున్న రాడ్డుకి దారి ఒక్కటే. పాత క్రోమ్ తీసి, గ్రైండ్ చేసి, మళ్ళీ హార్డ్ క్రోమ్ కట్టి కొలతకి గ్రైండ్ చెయ్యాలి. లేదా క్రోమ్ చేసిన బార్ తెచ్చి పాత కన్ను కోసి వెల్డ్ చెయ్యాలి. రెండిటిలోనూ వీ బ్లాకుల మీద పెట్టి డయల్ గేజితో వంపు చూడమనండి. వంగిన రాడ్డుకి ఎంత క్రోమ్ కట్టినా సీల్ ఒక పక్కే అరుగుతుంది. కొత్త సిలిండర్ ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

ఆటోనగర్_పానా
లేత్ వారి మాటే నా మాట. గ్లాండ్ తీసేటప్పుడు ఉలీ సుత్తీ పెట్టి కొట్టనివ్వకు, పిన్ స్పానర్ పెట్టి తీయించు. కొట్టిన గ్లాండ్ గుండ్రం పోతుంది, తర్వాత ‘ఓ-రింగు’ (గుండ్రటి రబ్బరు చుట్టు) దగ్గర కారుతుంది. సీల్ పెదవి ఏ వైపు ఉండాలో దగ్గరుండి చూడు. రాడ్ సీల్ పెదవి లోపలికి, ఆయిల్ ప్రెషరు వైపు. వైపర్ పెదవి బయటికి, మట్టి వైపు. తిరగేసి పెట్టినవి నా కళ్ళతో చూశాను. గట్టి పాలియురెతేన్ సీల్ అయితే వేడి ఆయిల్‌లో కాసేపు నానబెట్టి, కిడ్నీ ఆకారంలో మడిచి చేత్తోనే కూర్చోబెట్టాలి. స్క్రూడ్రైవర్ తగిలితే అక్కడే లీకు పుట్టినట్టు.

ఇక బూమ్ దిగడం సంగతి. పెందుర్తి వారు వాల్వ్ అంటారు, మర్రిపాలెం వారు పిస్టన్ సీల్ అంటారు. ఒక పరీక్షతో తేలిపోతుంది. ఇది తెలిసిన మెకానిక్ చేత, గట్టి నేల మీద, బూమ్ దరిదాపుల్లో మనిషి లేకుండా చేయించాలి.

బకెట్ నేలకి ఆనించి, ఇందాక చెప్పినట్టు ప్రెషరు అంతా తీసెయ్యి. బూమ్ సిలిండర్ రెండు హోసులూ విప్పు. అడుగు వైపు పోర్టుకి ప్రెషరుకి ఆగే స్టీలు ప్లగ్గు వెయ్యి, ప్లాస్టిక్ మూత కాదు. రాడ్డు వైపు పోర్టుకి ఒక ముక్క హోస్ తగిలించి డబ్బాలో పెట్టు. విప్పిన బండి హోసులకి కూడా ప్లగ్గులు వెయ్యి. ఇప్పుడు ఇంజిన్ ఆన్ చేసి, బూమ్ లివర్ ముట్టుకోకుండా, బకెట్‌ని మాత్రం మెల్లగా ముడువు. బకెట్ నేల వదిలితే భారమంతా బూమ్ రాడ్డు మీద పడుతుంది. ఇంజిన్ ఆపి పది నిమిషాలు చూడు. డబ్బాలోకి ఆయిల్ వచ్చి బూమ్ దిగితే పిస్టన్ సీల్. కదలకుండా నిలబడితే సిలిండర్ మంచిదే, రోగం వాల్వ్ వైపు.

డిప్లొమా_2023
రెండు పోర్టులూ మూసేస్తే సులువు కదా అన్నా? ఒకటి తెరిచి ఎందుకు?

ఆటోనగర్_పానా
మంచి ప్రశ్న. రెండూ మూసేస్తే పిస్టన్ సీల్ పూర్తిగా పోయినా బూమ్ పెద్దగా దిగదు. రాడ్డు లోపలికి రావాలంటే దాని లావుకి చోటు కావాలి. లోపలంతా ఆయిల్ నిండి, బయటికి దారి లేనప్పుడు చోటెక్కడిది? అందుకని చెడిపోయిన సీల్ కూడా మంచిదిలా కనపడుతుంది. ఒక వైపు తెరిస్తేనే నిజం బయటపడుతుంది. చాలామంది పిస్టన్ సీల్ మార్చి మార్చి విసిగిపోయేది కూడా ఇందుకే. బూమ్ బాగా దిగాలంటే వాల్వ్ వైపు కూడా ఎక్కడో ఒక దారి ఉండి తీరాలి.

డిప్లొమా_2023
మూడేళ్ళు చదివి ఇది ఎవరూ ఇలా చెప్పలేదు అన్నా. నోట్సులో రాసుకున్నాను.

పెందుర్తి_బ్యాక్‌హో
చూశారా, దారి వాల్వ్ వైపే.

క్వారీ_ఆపరేటర్
పెందుర్తి మావా ఇంటి మీద "వాల్వ్ నిలయం" అని బోర్డు పెట్టించాలి 😄

హోస్_క్రింపింగ్
ఎలాగూ హోసులు విప్పుతున్నారు కాబట్టి ఒకసారి వాటి వయసు కూడా చూడండి. హోస్ మీద అచ్చు వేసి ఉంటుంది, ఎన్ని వైర్లో, ఎంత ప్రెషరో, ఎప్పుడు తయారైందో. అరంగుళం రెండు వైర్ల హోస్ 275 బార్‌కి, అదే సైజు ఒక వైరుది 160 బార్‌కే. పైకి చూస్తే రెండూ ఒకేలా నల్లగా ఉంటాయి. వంద రూపాయలు మిగులుతుందని ఒక వైరుది క్రింప్ చేయించుకుని (చివర ఫిట్టింగు నొక్కించుకుని) 200 బార్ దాటే లైనులో పెట్టేవాళ్ళున్నారు. నేను మటుకు కట్టను, తిట్టుకుంటూ పక్క షాపుకి వెళ్తారు, వెళ్ళనీ.

మన ఊరి గాలికి పై రబ్బరు ఎక్కడ చీలినా లోపల వైరు తుప్పు పడుతుంది. రబ్బరు ఉబ్బినట్టుంటే, వంచినప్పుడు లోపల కరకరమంటే మార్చెయ్యండి. బిగించేటప్పుడు అచ్చు వేసిన గీత తిన్నగా ఉండాలి, తాడులా మెలి తిరిగితే ప్రెషరు వచ్చినప్పుడల్లా అది విప్పుకోవాలని చూస్తుంది, నట్టు వదులవుతుంది. అరంగుళం రెండు వైర్లదానికి వంపు వ్యాసార్థం 180 మిల్లీమీటర్లకి తగ్గకూడదు.

మరలు కూడా చూసుకోవాలి. పైపు మరల్లో రెండు రకాలు, ఎన్పీటీ, బీఎస్పీ. అరంగుళం సైజులో రెండిటికీ అంగుళానికి 14 మరలే. అందుకని ఒకదాన్లో ఒకటి ఎక్కుతుంది. కానీ ఒకటి 60 డిగ్రీల మర, ఇంకోటి 55. ఎంత బిగించినా కారుతుంది, ఇంకా బిగిస్తే పగులుతుంది.

మర్రిపాలెం_ఫిట్టర్
అలాంటప్పుడు టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు వేస్తే సరి. ముప్పై ఏళ్ళుగా వేస్తున్నాను.

ఆటోనగర్_పానా
హైడ్రాలిక్‌లో టేపు వద్దు గురువుగారూ. కోన్ మీదా, ‘ఓ-రింగు’ మీదా సీలయ్యే ఫిట్టింగులో మర పని బిగించడమే, ఆయిల్ ఆపడం కాదు. అక్కడ టేపు వేసినా ఉపయోగం లేదు. పైగా బిగించేటప్పుడు తెగిన పోగు లైనులోకి పోతుంది.

మర్రిపాలెం_ఫిట్టర్
మొదటి రెండు మరలు వదిలి చుడితే ఏమీ పోదు. పద్ధతి తెలియని వాళ్ళ గురించి నేను మాట్లాడను.

ఆటోనగర్_పానా
టేపర్ మరకి, తక్కువ ప్రెషరు లైనుకి మీరన్నట్టు చేస్తే ఒప్పుకుంటాను. తర్వాత ఎవరో విప్పుతారు, మరలో మిగిలిన టేపు గీకరు, దాని మీదే మళ్ళీ చుడతారు. అప్పుడు?

మధురవాడ_మినీ
నాలుగు రోజులు పట్టింది, అందుకే ఆలస్యం.

గాజువాక ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి తీసుకెళ్ళేను. ముందు పరీక్ష చేయించేను. అడుగు పోర్టు మూసి, బకెట్ ముడిచి, రాడ్డు మీద మార్కర్‌తో గీత గీసి పది నిమిషాలు చూశాం. అరగంట కూడా చూశాం. గీత వెంట్రుకవాసి కదల్లేదు. డబ్బాలో చుక్క లేదు. అంటే పిస్టన్ సీల్ మంచిదే. మూడుసార్లు మార్పించినందుకు మంచిగా కాకేం చేస్తుంది!

తర్వాత మెకానిక్ వాల్వ్ బ్లాకులో బూమ్ పోర్ట్ రిలీఫ్ విప్పేడు. దాన్నీ ఆర్మ్ (బూమ్ చివర ఉండే రెండో చెయ్యి) రిలీఫ్‌నీ అటూ ఇటూ మార్చి చూద్దామన్నాడు, ఈ బండిలో రెండూ ఒకే సెట్టింగంట. మార్చాం. బూమ్ నిలబడిపోయింది, ఆర్మ్ దిగడం మొదలెట్టింది. రోగం ఆ చిన్న వాల్వ్‌తోపాటే నడిచొచ్చింది. విప్పి చూస్తే సీటు మీద తెల్లటి పోగు, బియ్యపు గింజంత. టేపు. ఫోటో పెట్టేను.

బూమ్ హోస్ నిపుల్స్ విప్పితే మరల నిండా పాత టేపు. నేను కొనకముందు ఎవరు చుట్టారో.

పెందుర్తి_బ్యాక్‌హో
వాల్వే కదా! కాకపోతే బ్లాక్ మొత్తం అక్కర్లేదు, అది ఒప్పుకుంటున్నాను. నేను నా బండికి బ్లాక్ మొత్తం మార్పించేశాను మూడేళ్ళ క్రితం. ఇప్పుడాలోచిస్తే అందులో ఏ చిన్న వాల్వ్ పోయిందో.

మర్రిపాలెం_ఫిట్టర్
ఫోటో చూశాను. నేను చుట్టింది కాదు కానీ నేను చుట్టే టేపే అది. రేపట్నుంచి విప్పిన ప్రతి మరనీ వైర్ బ్రష్‌తో గీకి, గాలి కొట్టి గానీ బిగించను. ప్రెషరు లైన్లకి టేపు మానేస్తాను. కుర్రాళ్ళకి కూడా చెప్పేను.

క్వారీ_ఆపరేటర్
గురువుగారూ, ముప్పై ఏళ్ళ అలవాటు ఒక ఫోటోతో మార్చుకున్నారు. మీలాంటోళ్ళ దగ్గర పని నేర్చుకోవాలి.

లంకెలపాలెం_లేత్
రాడ్డు ఏం చేశారు?

మధురవాడ_మినీ
హార్డ్ క్రోమ్‌కి ఇచ్చేను, ఆరు రోజులన్నారు. వీ బ్లాకుల మీద చూశారు, వంపు లేదు. ఈలోగా సైటుకి అద్దె బండి పెట్టేను, ఇంజినీరు శాంతించేడు. టేపు ముక్కలు ఇంకా ఉంటాయని లైన్లు కడిగించి, రిటర్న్ ఫిల్టరు, ఆయిల్ రెండూ మార్చమన్నాడు మెకానిక్. చిక్కదనం 46 గ్రేడుది వెయ్యాలా 68 వెయ్యాలా?

ఆటోనగర్_పానా
నీ బండి పుస్తకంలో ఏది ఉంటే అది. వైజాగ్ వేడికి 68 అని అందరూ అంటారు కానీ తయారు చేసినవాళ్ళు 46 అంటే 46 వెయ్యి. ఫిల్టరు కోసి లోపల మడతలు విప్పి చూడు, తెల్లపోగులు, ఇత్తడి పొడి, రబ్బరు ముక్కలు ఏమున్నాయో చెప్పు. కొత్త రాడ్డు బిగించాక సిలిండర్‌లో గాలి ఉంటుంది. ఇంజిన్ స్లోలో ఉంచి, చివరిదాకా కొట్టకుండా మెల్లగా పదిసార్లు లేపి దించి, అప్పుడు లెవెల్ చూడు.

మధురవాడ_మినీ
బిగించి పద్దెనిమిది రోజులైంది. పునాది గుంటలోనే తొమ్మిది రోజులు పని చేసింది, రెండు మీటర్ల పైన లోతు. రాడ్డు మీద పల్చటి మెరుపు తప్ప తడి లేదు. బూమ్ గీత పరీక్ష వేడి మీద మళ్ళీ చేసేను, పది నిమిషాలకి 2 మిల్లీమీటర్లు. ఫిల్టర్లో తెల్లపోగులు మూడు దొరికాయి, ఇత్తడి లేదు. కొత్త సిలిండర్‌కి అడిగిన రేటులో నాలుగో వంతుతో అన్నీ అయిపోయాయి. క్యాబిన్‌లో అట్టముక్క, మంచినీళ్ళ డబ్బా, గ్రీజు పెట్టేను. ఆపరేటరుకి క్వారీ అన్న రాసింది చదివి వినిపించేను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆటోనగర్_పానా
ఆ పల్చటి మెరుపు ఉండాలి, అదే సీల్‌కి నూనె. పూర్తిగా ఎండిపోయిన రాడ్డు కూడా మంచిది కాదు. 2 మిల్లీమీటర్లకి కంగారు పడక్కర్లేదు, నెలకోసారి అదే వేడి మీద కొలిచి రాసి పెట్టు. పెరుగుతుంటే అప్పుడు చూద్దాం.

పెందుర్తి_బ్యాక్‌హో
ఇదే చర్చలో నాదొకటి అడగనా? బ్యాక్‌హోలో హైడ్రాలిక్ ట్యాంకు వారానికి మూడు నాలుగు లీటర్లు తగ్గుతోంది. కడిగేను, పౌడరు చల్లేను, అట్ట ఆడించేను. ఎక్కడా చుక్క లేదు. ఆవిరైపోతుందా?

ఆటోనగర్_పానా
ఆవిరి కాదు. మీ బండిలో పంపు గేర్‌బాక్స్‌కి తగిలి ఉంటుందా? గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ తీసి చూడండి.

పెందుర్తి_బ్యాక్‌హో
ఇప్పుడే చూసి వచ్చేను. పై గీత దాటి నాలుగు వేళ్ళు ఎక్కువ ఉంది. నేను అందులో ఆయిల్ పొయ్యలేదే!

ఆటోనగర్_పానా
బండి ఇక కదపకండి. పంపు షాఫ్ట్ సీల్ లోంచి గేర్‌బాక్స్‌లోకి పోతోంది. సీల్ మార్చే ముందు అది ఎందుకు పోయిందో చూడాలి, షాఫ్ట్ ఊగుతోందేమో, బేరింగ్ అరిగిందేమో. గేర్‌బాక్స్ ఆయిల్, దాని ఫిల్టరు కూడా మార్చాల్సిందే, రెండు నూనెలూ కలిసిపోయాయి. రేపు పొద్దున్న పంపు విప్పాక షాఫ్ట్ ఫోటో పెట్టండి, సీల్ పెదవి తిరిగే చోటు దగ్గరగా తియ్యండి.